తాతగారి పుస్తకంలోని కోసులు, యోజనాలు కిలోమీటర్లలోకి మార్చడం ఎలా? నా లెక్కలో భూమి దాదాపు రెట్టింపు వస్తోంది

టెక్కలి కుర్రాడు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు, ఉద్యోగం శ్రీకాకుళంలో. మొన్న పండక్కి ఇంటికెళ్లి అటక మీద ట్రంకు పెట్టె దించితే మా తాత రాసుకున్న నోటు పుస్తకం దొరికింది. ఆయన పంచాంగం చూసేవారు, పొలం గట్ల తగాదా వస్తే కొలతకి కూడా ఊళ్లో ఆయన్నే పిలిచేవారట. ముందు పేజీల్లో ఊరికీ ఊరికీ మధ్య దూరాలు కోసుల్లో ఉన్నాయి, మా పెరటి నూతి లోతు బారల్లో, పొలాలు గొలుసుల్లో లింకుల్లో ఉన్నాయి. చివరి పేజీల్లోకి వచ్చేసరికి ఒక్కసారిగా ఆకాశంలోకి వెళ్లిపోయారు: భూమి వ్యాసం 1600 యోజనాలు, చంద్రకక్ష్య 3,24,000 యోజనాలు, సూర్యకక్ష్య 43,31,500 యోజనాలు.

మా పాప ఏడో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి ఈ పుస్తకాన్నే చార్టుగా వేస్తానంది, పక్కన ఇప్పటి కొలతలు, కాంతి సంవత్సరం, పార్సెక్ కూడా పెడతానంది. నేను ఎక్సెల్‌లో మొదలుపెట్టాను. మూర 18 అంగుళాలు అంటే 45.72 సెం.మీ., 4 మూరలు ఒక బార, 2000 బారలు ఒక కోసు, 4 కోసులు ఒక యోజనం. యోజనం 14.63 కి.మీ. తేలింది. దాన్ని 1600తో గుణిస్తే భూమి వ్యాసం 23,408 కి.మీ. వచ్చింది! అసలు వ్యాసం 12,742 కి.మీ. కదా. రెండు రాత్రుల నుంచి ఫార్ములాలు తిరగేస్తున్నాను, గుణకారంలో తప్పేమీ లేదు. ఎక్కడ పోయింది?

సువర్ణముఖి · శనివారం రాత్రి 9:31

రాజాం నుంచి. మా చిన్నప్పుడు యోజనాన్నే ఆమడ అనేవారు, ఆమడ అంటే 8 మైళ్లు అని చెప్పారు. అలా వేసినా 1600 ఆమడలకి 20,600 కి.మీ. వస్తోంది, అదీ ఎక్కువే. నెట్‌లో చూస్తే యోజనం ఒకచోట 8 కి.మీ., ఒకచోట 13, ఇంకోచోట 15 అని ఉంది. ఏది నమ్మాలి?

బొబ్బిలి మాష్టారు · శనివారం రాత్రి 10:20

బాబూ, నీ గుణకారంలో తప్పు లేదు. రెండు వేరు వేరు పుస్తకాల కొలతలు ఒకే నిచ్చెనకి కట్టావు, అక్కడ వచ్చింది తేడా.

నువ్వు వేసిన నిచ్చెన భాస్కరాచార్యుడి గణిత గ్రంథం లీలావతిలోది. 8 యవలు ఒక అంగుళం, 24 అంగుళాలు ఒక హస్తం, 4 హస్తాలు ఒక దండం, 2000 దండాలు ఒక క్రోశం, 4 క్రోశాలు ఒక యోజనం. హస్తమే మన మూర, దండమే మన బార, క్రోశమే కోసు. మొత్తం మీద యోజనానికి 32,000 మూరలు. మీ తాతగారు రాసుకున్న 1600 మాత్రం సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలోది. ఆర్యభటుడు భూమి వ్యాసాన్ని 1050 యోజనాలన్నాడు. భాస్కరుడే తన సిద్ధాంత శిరోమణిలో వ్యాసం 1581 యోజనాల చిల్లర, చుట్టుకొలత 4967 అన్నాడు. వీళ్లందరూ చెప్పింది ఒక్క భూమి గురించే. ఇప్పటి వ్యాసాన్ని ఆ అంకెలతో భాగిస్తే సూర్యసిద్ధాంతం యోజనం 7.96 కి.మీ., ఆర్యభటుడి యోజనం 12.1 కి.మీ. పడుతుంది. నెట్‌లో మీకు కనబడిన 8, 13, 15 అన్నీ ఇలా తలా ఒక దారిలో వచ్చినవే.

ఇంకో విధంగా చూడు. సూర్యసిద్ధాంతం యోజనం 7.96 కి.మీ. అనుకుని దాన్ని 32,000తో భాగిస్తే మూర 25 సెంటీమీటర్ల లోపు వస్తుంది. అది మూర కాదు, జాన కన్నా ఒక వేలెడు ఎక్కువ. అంత పొట్టి చెయ్యి పెద్దవాళ్లలో ఎవరికీ ఉండదు కాబట్టి ఆ 1600కి ఈ నిచ్చెన వెయ్యకూడదని అక్కడే తెలిసిపోతుంది.

యోజనం అన్న మాట చూసి వెంటనే గుణకారం మొదలుపెట్టకు. ముందు అది ఎవరి యోజనమో అడుగు. పాత కొలతల్లో పేరు ఒకటే ఉంటుంది, పొడవు మాత్రం మనిషికొకటి, ఊరికొకటి, పుస్తకానికొకటి.

టెక్కలి కుర్రాడు · శనివారం రాత్రి 10:41

మాష్టారూ, దండాలు. అయితే చంద్రుడికి, సూర్యుడికి ఏ యోజనం వేయాలి? 7.96 వేస్తే మనకి కావాల్సిన జవాబు వచ్చేలా మనమే సర్దినట్టు కాదా?

బొబ్బిలి మాష్టారు · శనివారం రాత్రి 11:05

సరైన చోట పట్టుకున్నావు. 7.96 అనేది ఇప్పటి భూమిని పెట్టి మనం తీసిన అంకె, దానితో భూమి వ్యాసం కట్టి సరిపోయిందని సంతోషిస్తే అది మోసమే. కిలోమీటర్ల జోలికి వెళ్లకుండా నిష్పత్తి తీసి చూడు.

చంద్రకక్ష్య 3,24,000 యోజనాలు చుట్టుకొలత. 2π (రెండు పై)తో భాగిస్తే చంద్రుడి దూరం 51,566 యోజనాలు. భూమి వ్యాసార్ధం 800 యోజనాలు. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 64 చిల్లర. అంటే చంద్రుడు 64 భూ వ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు. ఇప్పటి లెక్క 3,84,400ని 6,371తో భాగిస్తే 60.3. చూశావా, యోజనం ఎన్ని కిలోమీటర్లో తెలియకపోయినా వాళ్ల లెక్క ఎంత దగ్గరగా ఉందో చెప్పగలిగాం, తేడా నూటికి ఏడు. భాస్కరుడి 4967ని 1581 చిల్లరతో భాగించి చూడు, 3.1416 వస్తుంది. ఆయన దగ్గర పై విలువ ఎంత నికార్సుగా ఉందో తెలుసుకోవడానికి ఏ యూనిట్టూ అక్కర్లేదు. సూర్యసిద్ధాంతం మాత్రం పదికి వర్గమూలం వాడింది, అంటే 3.162.

సూర్యుడి దగ్గర మాత్రం పాత లెక్క దెబ్బతింది. 43,31,500ని అలాగే చేస్తే 862 భూ వ్యాసార్ధాలు వస్తాయి, అసలు దూరం 23,480. అంటే 27 రెట్లు తక్కువ. కారణం కూడా ఆ అంకెల్లోనే ఉంది. 43,31,500ని 3,24,000తో భాగిస్తే 13.37. చంద్రుడు చుట్టి రావడానికి 27.32 రోజులు, సూర్యుడికి 365 రోజుల పావు, వాటి నిష్పత్తి కూడా 13.37. గ్రహాలన్నీ రోజుకి అన్నే యోజనాలు నడుస్తాయని ముందే అనుకుని, కాలాన్ని బట్టి కక్ష్యలు కట్టారన్నమాట. గ్రీకుల్లో టాలెమీ కూడా సూర్యుడిని 1,210 భూ వ్యాసార్ధాల దగ్గరే పెట్టాడు. కంటితో సూర్యుడి దూరం కొలవడం ఆ రోజుల్లో ఎవరి వల్లా కాలేదు. మీ పాప చార్టులో ఇది దాచకుండా వేయమను, ఇందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు.

గోస్తనీ · ఆదివారం ఉదయం 6:50

మాష్టారూ, సూర్యుడి దూరం మన హనుమాన్ చాలీసాలోనే సరిగ్గా ఉందని మా గ్రూపులో ప్రతి వారం వస్తుంటుంది. యుగం 12,000, సహస్రం 1,000, యోజనం 8 మైళ్లు, గుణిస్తే 9 కోట్ల 60 లక్షల మైళ్లు, అసలు దూరం 9 కోట్ల 30 లక్షలు. మరి ఇది?

బొబ్బిలి మాష్టారు · ఆదివారం ఉదయం 7:30

అమ్మా, ఆ స్తోత్రం నేనూ రోజూ చదువుకుంటాను, దాని మీద నాకున్న గౌరవం ఈ లెక్క మీద ఆధారపడింది కాదు. లెక్కగా మాత్రం అది నిలబడదు. 1 కోటి 20 లక్షల యోజనాలకి సూర్యసిద్ధాంతం యోజనం వేస్తే 9.55 కోట్ల కిలోమీటర్లు, లీలావతి యోజనం వేస్తే 17.6 కోట్ల కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం 14.96 కోట్లు. 8 మైళ్లు ఎంచుకున్నారు కాబట్టి దగ్గరికొచ్చింది. జవాబు ముందు పెట్టుకుని యూనిట్టు వెతికితే దేనికైనా ఏదైనా సరిపోతుంది. రాత్రి ఈ అబ్బాయి 7.96 గురించి అడిగిన అనుమానమే ఇక్కడా అడగాలి.

లింకుల లెక్క · ఆదివారం ఉదయం 8:15

విజయనగరం నుంచి. ఆకాశం సంగతి మాష్టారికి వదిలేస్తాను, గొలుసుల సంగతి నేను చెబుతాను, పాతికేళ్లు ఆ పనే చేశాను.

తాతగారి పుస్తకంలో గొలుసు అంటే గంటర్ గొలుసు అయ్యుంటుంది. 66 అడుగులు, 100 లింకులు. లింకు 7.92 అంగుళాలు, అంటే 20.1168 సెం.మీ. పది గొలుసులు ఒక ఫర్లాంగు, ఎనభై గొలుసులు ఒక మైలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అందుకే సెంటు సరిగ్గా 1,000 చదరపు లింకులు. 66 అనే వంకర అంకె ఎందుకు పెట్టారా అనుకుంటాం గానీ లింకుల్లో కొలిస్తే ఎకరాలకి దశాంశం జరిపితే చాలు, అదీ అందులోని తెలివి. దేశంలో మెట్రిక్ వచ్చాక 20 మీటర్ల గొలుసు వచ్చింది, దానికీ 100 లింకులే, కానీ లింకు 20 సెం.మీ. పేరు ఒకటే, పొడవు తేడా వెయ్యికి ఆరు. అందుకని ముందు కాగితం ఏ కాలందో చూడాలి.

ఇక మా సొంత బాధ చెప్తాను. మా పొలం ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే కొలతల పుస్తకంలో, ఒక గట్టు 320 అని ఉంది. అది లింకులు, అంటే 64 మీటర్ల పైచిలుకు. ఒక ఆఫీసులో కొత్తగా కంప్యూటర్‌కి ఎక్కించినప్పుడు దాన్ని అడుగులు అనుకుని 97.5 మీటర్లు చేశారు. మా గట్టు కాగితం మీద పక్కవాళ్ల చేలో 33 మీటర్లు లోపలికి వెళ్లిపోయింది. పక్క చేను మా బావమరిదిదే. రెండేళ్లు మాటల్లేవు, పెళ్లికి పిలవలేదు. చివరికి పాత పటం పక్కన పెట్టి, అంకె కింద చిన్నగా రాసిన యూనిట్టు చూపించాకే సద్దుమణిగింది. బాబూ, మీ ఎక్సెల్‌లో ప్రతి అంకె పక్కనా ఇంకో గడి పెట్టి యూనిట్టు పేరు, అది ఏ పుస్తకంలోదో కూడా రాయండి. బతిమాలి చెబుతున్నాను.

కళింగపట్నం · ఆదివారం ఉదయం 9:02

మా ఇంట్లో ఇప్పటికీ సముద్రం లోతు బారల్లోనే చెబుతారు. తాడుకి బరువు కట్టి వదిలి, పైకి లాగేటప్పుడు రెండు చేతులూ చాచి ఒక బార, రెండు బారలు అని లెక్కపెట్టడమే. ఇంగ్లీషువాళ్ల ఫ్యాదమ్ కూడా అదే, 6 అడుగులు, 1.8288 మీటర్లు. మా నాన్నవి పొడుగు చేతులు, చిన్నాన్నవి పొట్టి. ఒకే చోట లోతు నాన్నకి 9 బారలు, చిన్నాన్నకి తొమ్మిదిన్నర. పడవలో అందరికీ తెలుసు కాబట్టి లోతు ఎంత అని అడగరు, ఎవరు కొలిచారు అని అడుగుతారు.

నాటికల్ మైలు మాత్రం ఎవరి చేతినీ బట్టి ఉండదు, 1,852 మీటర్లు. భూమి చుట్టుకొలతని 21,600 కలలుగా (కల అంటే డిగ్రీలో 60వ వంతు) చేస్తే ఒక కల అంత దూరం.

బొబ్బిలి మాష్టారు · ఆదివారం ఉదయం 9:40

కళింగపట్నం బాబు చెప్పింది వింటే ప్రాణం లేచొచ్చింది. చంద్రకక్ష్య 3,24,000 ఎక్కడిదనుకున్నారు? చంద్రుడి దారిలో ఒక కలకి 15 యోజనాలు, 21,600 ఇంటూ 15. నాటికల్ మైలు ఎలా పుట్టిందో ఇదీ అలాగే పుట్టింది, కోణం నుంచి పొడవు.

టెక్కలి కుర్రాడు · ఆదివారం మధ్యాహ్నం 3:25

పొద్దున్న ఇవన్నీ చదివి బండి వేసుకుని ఊరెళ్లాను. మా నూయి ఇంకా ఉంది. తాత పుస్తకంలో 'నూయి ఒర నుంచి అడుగు వరకు 7 బారలు' అని ఉంది. తాడుకి ఇటుక కట్టి వదిలాను, మా మామ్మ ఒర దగ్గర నిలబడి జాగ్రత్త జాగ్రత్త అంటూనే ఉంది. ఇటుక అడుగు తగలగానే తాడు వదులైంది. ఒర దగ్గర ముడి వేసి, వాకిట్లో చాచి టేపు పెడితే 11.9 మీటర్లు. ఏడుతో భాగిస్తే 1.70 మీటర్లు. మామ్మని అడిగాను, తాత ఎత్తు ఎంత ఉండేవారని. 'మీ నాన్నంతే ఉండేవారురా' అంది. మా నాన్న 5 అడుగుల 7 అంగుళాలు. అంటే 1.70 మీటర్లు! మనిషి చేతులు చాచిన పొడవు దాదాపు ఎత్తంతే ఉంటుంది కదా. తాత చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది, నూతి దగ్గర నిలబడి ఆయన చేతుల పొడవు కొలిచినట్టయింది నాకు.

అక్కడితో ఆగలేదు. ఆయన బార 1.70 అయితే కోసు 3.4 కి.మీ. పుస్తకంలో మా ఊరి నుంచి సంతకి 2 కోసులు అని ఉంది, అంటే 6.8. పాత బండిదారి ఇప్పుడు తారు రోడ్డయింది, బండి మీటర్లో 6.6 చూపించింది. నేను పెట్టిన 18 అంగుళాల మూరతో అయితే 7.3 వచ్చేది.

బొబ్బిలి మాష్టారు · ఆదివారం సాయంత్రం 4:10

శెభాష్ నాయనా. ఇదే సరైన పద్ధతి. పుస్తకంలోని కొలతకి ఆ పుస్తకంలోనే, ఇప్పటికీ కదలకుండా ఉన్న వస్తువు ఒకటి పట్టుకోవాలి. ఊరి కొలతలకి మీ నూయి దొరికింది. చివరి పేజీలకి భూమి ఉంది. అందుకే చంద్రుడిని భూమితో పోల్చమన్నాను.

ఒక్క చిన్న మాట. ఎక్సెల్‌లో 3.4000 అని రాయకు. చేత్తో కొలిచిన దానికి నాలుగు దశాంశాలు ఉండవు. సుమారు 3.4 అని రాయి, చాలు.

సువర్ణముఖి · ఆదివారం సాయంత్రం 5:00

ఇప్పుడు మా ఇంట్లో అందరం మూరలు కొలుచుకున్నాం. నాది 43, మా ఆయనది 47, మా వీధి చివర పూలమ్మే మామ్మది 41 సెం.మీ. ఆవిడ చేతి మూరకి మల్లెలు తక్కువ వస్తున్నాయని అనుమానం ఉండేది, ఇప్పుడు తేలిపోయింది. కానీ ఆవిడ కొసరు వేస్తుంది, దాంతో సమానం.

నాకు కాంతి సంవత్సరం ఉండగా మళ్లీ పార్సెక్ ఎందుకో ఎవరైనా చెప్పండి.

చుక్కల రాత్రి · ఆదివారం రాత్రి 8:35

విజయనగరం, నా దగ్గర చిన్న టెలిస్కోప్ ఉంది. అక్కా, బొటనవేలు ముఖానికి ఎదురుగా చాచి ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండో కన్ను. వెనక గోడ మీద వేలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. భూమి జనవరిలో సూర్యుడికి ఒక పక్కన, జూలైలో ఇంకో పక్కన ఉంటుంది కదా, అవి మన రెండు కళ్లు. దగ్గర చుక్క దూరపు చుక్కల ముందు అలాగే జరుగుతుంది. ఆ జరుగుడులో సగం ఒక వికల ఉంటే, అంటే డిగ్రీలో 3,600వ వంతు ఉంటే, ఆ చుక్క దూరం ఒక పార్సెక్. కొలిచేవాళ్లకి చేతికొచ్చేది కోణమే కాబట్టి ఒకటిని ఆ కోణంతో భాగిస్తే దూరం వచ్చేస్తుంది. 1838లో బెస్సెల్ 61 సిగ్ని అనే చుక్కకి కొలిచినప్పుడు 0.314 వికల వచ్చింది, అంటే 3 పార్సెక్కుల పైమాట. అప్పటికి పార్సెక్ అనే పేరు లేదు, అది 1913లో వచ్చింది.

చార్టుకి అంకెలు ఇస్తున్నాను, ఇవి తాతగారి బారల్లా మారేవి కావు. ఖగోళ యూనిట్టు, అంటే సూర్యుడికీ మనకీ మధ్య సగటు దూరం, 149,597,870,700 మీటర్లు. 2012లో అంతర్జాతీయ ఖగోళ సంఘం దీన్ని ఇలాగే స్థిరం చేసేసింది, ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితం. కాంతి సంవత్సరం 9,460,730,472,580,800 మీటర్లు, ఇది 365 రోజుల పావుకి. కొన్ని సైట్లు 365తోనే గుణిస్తాయి, అలా చేస్తే తేడా వస్తుంది. కాంతి సంవత్సరం అంటే 63,241 ఖగోళ యూనిట్లు. పార్సెక్ అంటే 6,48,000ని పైతో భాగించినన్ని ఖగోళ యూనిట్లు, 2,06,265 దగ్గర, కాంతి సంవత్సరాల్లో 3.26.

పాతబడిపోయిన యూనిట్టు ఆకాశంలో కూడా ఉంది. 1911లో షార్లియే అనే స్వీడన్ శాస్త్రవేత్త సిరియోమీటర్ అని పెట్టాడు, పది లక్షల ఖగోళ యూనిట్లు. 15.8 కాంతి సంవత్సరాలు. ఎవరూ వాడలేదు, మరుగున పడిపోయింది. కోసు, ఆమడ పోయాయని బాధపడతాం గానీ శాస్త్రవేత్తలు చేసిన యూనిట్లూ పోతుంటాయి.

బొబ్బిలి మాష్టారు · ఆదివారం రాత్రి 9:05

ఖగోళ యూనిట్టు కొలవడంలో మన తీరం మనుషులు కూడా ఉన్నారు, అది చార్టులో పడాలి. శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లేటప్పుడు వేరు వేరు చోట్ల నుంచి చూసి కాలం తేడా పట్టుకుంటే సూర్యుడి దూరం దొరుకుతుంది. 1874 డిసెంబరు 9న అలాంటి అంతర్యానం జరిగితే విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు తమ వేధశాల నుంచి చూశారు, ఆ పరిశీలన లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ వేధశాలను 1840లో గోడే వెంకట జగ్గారావు గారు కట్టించారు. చివరికి 1961లో శుక్రుడి మీదికి రాడార్ తరంగాలు పంపి, అవి తిరిగొచ్చిన కాలంతో ఈ దూరం బాగా కచ్చితంగా తేల్చారు.

చుక్కల రాత్రి · ఆదివారం రాత్రి 9:20

మాష్టారూ, 2012 జూన్ 6న నేనూ చూశాను, వెల్డింగ్ వాళ్లు వాడే 14 నంబరు అద్దంతో మా డాబా మీద నుంచి. పొద్దు పొడిచేసరికే నల్ల చుక్క సూర్యుడి మీద ఉంది. మా అమ్మని పిలిస్తే 'పుట్టుమచ్చలా ఉందిరా' అంది. మళ్లీ 2117 దాకా లేదు.

పొందూరు నూలు · సోమవారం ఉదయం 6:15

మా అత్తగారింట్లో ఖాదీ వడుకుతారు. మీ యూనిట్లలో మాది ఎవరూ చెప్పలేదు. నూలు 100 కౌంట్ అంటే ఇంగ్లీషు లెక్కలో పౌనుకి 100 చిలపలు, చిలపకి 840 గజాలు. గజాలు, పౌన్లు బజార్లో పోయి అరవై ఏళ్లయింది, నూలు లెక్కలో మాత్రం అలాగే ఉన్నాయి. పౌనుకి 84,000 గజాలు, అంటే 76.8 కిలోమీటర్ల దారం. ఒక్క పౌను నూలు! మా అత్త వాలుగ చేప దవడతో పత్తి ఏకుతూ కూర్చుంటే పక్కనే ఈ లెక్క వేశాను. చంద్రుడి దాకా అందాలంటే ఎంత నూలు కావాలి? 3,84,400ని 76.8తో భాగిస్తే 5,005 పౌన్లు. కిలోల్లో 2,270. అత్తకి చెబితే, అంతేనా, అంది. ఒక లారీలో పట్టే నూలు చంద్రుడి దాకా పోతుందంటే నాకు మాత్రం ఒళ్లు గగుర్పొడిచింది. సూర్యుడి దాకా అయితే 883 టన్నులు.

కళింగపట్నం · సోమవారం ఉదయం 7:00

అమ్మా, ఈ లెక్క మా పడవ వాళ్లందరికీ చదివి వినిపిస్తాను.

సువర్ణముఖి · సోమవారం ఉదయం 7:20

ఒక అనుమానం. 'బారెడు పొద్దెక్కింది' అంటాం కదా. అక్కడ బార ఎన్ని మీటర్లు?

చుక్కల రాత్రి · సోమవారం ఉదయం 7:48

అక్కా, అక్కడ అది పొడవు కాదు, కోణం. ఆకాశంలో ఎత్తుని మనవాళ్లు చేతి కొలతల పేర్లతోనే చెప్పారు. చెయ్యి చాచి పిడికిలి పెడితే 10 డిగ్రీలు, జాన పెడితే 20 డిగ్రీల చిల్లర, నేను చుక్కలు వెతికేది ఇలాగే. పెద్దవాళ్లకి చెయ్యీ పెద్దదే ఉంటుంది, పొడుగూ అంతే ఉంటుంది కాబట్టి కోణం పెద్దగా మారదు. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు, మన దగ్గర దాదాపు నిటారుగా లేస్తాడు, కాబట్టి జానెడు పొద్దెక్కిందంటే సూర్యోదయమై గంటన్నర. దీన్ని మీటర్లలోకి మార్చలేం, మార్చకూడదు.

టెక్కలి కుర్రాడు · సోమవారం రాత్రి 9:50

చార్టు రూపం తేలింది. మొదటి వరసలో నూయి, కోసు, గొలుసు. గొలుసు పక్కన లింకు 20.1168 సెం.మీ. అని యూనిట్టుతో సహా రాయించాను. రెండో వరసలో భూమి 1, చంద్రుడు 64, పక్కన ఇప్పటి 60.3. సూర్యుడి 862, 23,480 కూడా పక్కపక్కన పెట్టాం. మూడో వరసలో పొందూరు అమ్మగారి నూలు.

చివర్లో పార్సెక్ ఎలా చూపించాలో తెలియక పాప ఒక లెక్క వేసింది. సూర్యుడికీ భూమికీ మధ్య మూరెడు దూరం అనుకుందాం అంది. 18 అంగుళాల మూరతో అయితే సూర్యుడు మిరియపు గింజంత, భూమి కంటికి ఆనదు. కాంతి సంవత్సరం 28.9 కి.మీ., శ్రీకాకుళం నుంచి విజయనగరానికి తిన్నగా గీత గీస్తే అందులో సగం. పార్సెక్ 94 కి.మీ., విశాఖపట్నం ఊళ్లోకి వచ్చేసినట్టే. మనకి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా 4.25 కాంతి సంవత్సరాలు, అనకాపల్లి కూడా దాటాలి, అక్కడ ఇంకో చిన్న గింజ. మధ్యలో ఏమీ లేదు.

ఇదంతా చార్టు మీద ఎక్కించాక 'నా మూర ఎంత నాన్నా' అని చెయ్యి టేబుల్ మీద పెట్టింది. మోచేతి నుంచి నడిమి వేలు కొస దాకా 38 సెం.మీ. వచ్చింది. తన మూరతో మళ్లీ మొదటి నుంచి లెక్కేసుకుంది. పార్సెక్ 78 కిలోమీటర్లే వస్తోంది, మధురవాడ దగ్గర ఆగిపోతోంది. రెండు అంకెలూ రాయాలంటోంది, పక్కన ఎవరి మూరో పేరుతో సహా. ఇప్పుడే స్కెచ్ పెన్ పట్టుకుంది.